గడప దగ్గర ఇచ్చిన మాట

అన్యాయం జరిగింది ఎవరికి? శివమ్మకు. చేసింది ఎవరు? ఆమె సొంత తమ్ముడు నర్సింహ. ఎలా చేశాడు? తన పెళ్ళినాడు నలుగురి ముందు మాట ఇచ్చి, మర్నాడే ఆ మాట అనలేదన్నాడు. అప్పటి నుంచి ముప్పై ఏళ్ళుగా అక్కను అబద్ధాలకోరుగా నిలబెట్టాడు.

కొత్త దంపతులు ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు ఆడబిడ్డ గడపకు అడ్డం నిలబడి తనకు కావలసింది అడగడం వాళ్ళ ఇళ్ళల్లో ఆచారం. ఇస్తానంటేనే దారి. అందరూ పట్టుచీరో వెండి పట్టీలో అడుగుతారు. శివమ్మ మాత్రం తమ్ముడి స్కూటర్ నడపడం నేర్పమని అడిగింది. నర్సింహ సరేనన్నాడు. మర్నాడు ఆమె ఆ సంగతి ఎత్తేసరికి, "నేనెప్పుడన్న గా మాట? స్కూటర్ మీద తిప్పుతా అన్న. కల గన్నవా ఏంది అక్కా?" అని నవ్వాడు. బ్యాండు మోతలో ఆ మాట సరిగా విన్నవాళ్ళు లేరు; ఇల్లంతా నవ్వింది.

ఆ నవ్వుతో పోయిందనుకుంటే పొరపాటు. మరుసటి ఏడు హయత్‌నగర్ పాలకేంద్రంలో, ఊరూరా తిరిగి పాలు పరీక్షించే ఉద్యోగం శివమ్మ దాకా వచ్చి, బండి నడపడం రాదన్న ఒక్క కారణంతో వేరొకరికి పోయింది. ఆ కేంద్రంలోనే క్యాన్లు కడిగించి, కొలతలు చూసి ఆమె ఉద్యోగకాలం ముగించింది. ఆ నష్టం గురించి ఏనాడూ దెప్పలేదు. కానీ పెళ్ళి క్యాసెట్ ఎప్పుడు పెట్టినా, గడప ఘట్టం రాగానే కుర్చీ ముందుకు జరుపుకునేది. ఏం లాభం? వీడియో అతను మిక్సింగులో ఆ ఘట్టమంతటికీ సినిమా పాట ఎక్కించాడు. తెర మీద పెదవులు కదిలేవి, పాట మోగేది.

"చూడక్కా, నేనేం మాట్లాడుతలేను. పాట పాడుతున్న," అని నర్సింహ ప్రతిసారీ ఎగతాళి చేసేవాడు.

ఆ క్యాసెట్‌కు బూజు పట్టడం మొదలైందని, తల్లిదండ్రుల పెళ్ళిరోజుకు డిస్క్ చేయించి ఇద్దామని నర్సింహ కూతురు సుష్మిత బయలుదేరింది. మేనత్త తోడు వెళ్ళింది. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్ళ బోర్డుల మధ్య ఇరుకు మెట్లెక్కితే వెంకట్రావు దుకాణం. తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. క్యాసెట్‌ను తుడిచి, వీసీఆర్‌లో పెట్టి, తీగను కంప్యూటర్‌కు తగిలించాడు.

"టేపు ఎంతసేపు ఆడితే అంతసేపూ పడుతుందండీ. ఈలోపు మీరు బజారుకెళ్ళి రండి."

శివమ్మ కదలలేదు. గడప వచ్చింది. పాట అందుకుంది.

"నాయనా, గా పాట ఆపు. మాటలు వినాలె."

"పాట ఆపితే ఇంకేం మిగలదండీ. మాటలు చెరిపేశాకే పాట పెడతారు."

"చెరిపిన్రో లేదో నువ్వు చూసినవా? జర చూడరాదు."

వెంకట్రావు తల గోక్కున్నాడు. "మంచి కెమెరాతో తీసిన టేపులో శబ్దానికి రెండు దారులుంటాయి పిన్నిగారూ. ఒక్కోసారి ఒకదాని మీదే పాట ఎక్కిస్తారు. రెండోది ఇళ్ళల్లో ఉండే చిన్న వీసీఆర్‌లకు అందదు. ఇందులో ఉందో లేదో నేను చెప్పలేను. గరగర ఎక్కువని నేనూ దాని జోలికి పోను." అంటూనే రిమోట్ మీద ఒక బటన్ నొక్కాడు.

పాట తెగిపోయింది. గరగర. ఆ గరగరలోంచి బ్యాండు మేళం, పిల్లల గోల, "హారతి పళ్ళెం ఏడబెట్టినవే?" అని ఎవరిదో కేక. ఆ తర్వాత, వయసులో ఉన్న శివమ్మ గొంతు:

"చీరలొద్దు, పట్టీలొద్దు. నీ స్కూటర్ నడుపుడు నేర్పాలె. ఒట్టు పెట్టు."

"ఒట్టు అక్కా, నేర్పుతా! ఇగ జరుగు, కాళ్ళు గుంజుతున్నయ్."

వెంటనే, తల వంచుకున్న పెళ్ళికూతురు రోహిణి నుంచి సన్నని గొంతు: "నాగ్గూడ నేర్పాలె."

"ఇద్దరికీ నేర్పుతా, సరేనా?"

శివమ్మ చెంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. "డిస్క్‌ల పాటొద్దు నాయనా. మాటలే పెట్టు."

"అత్తా, ఇగ నాన్న పని అయిపోయింది," అంది సుష్మిత.

పెళ్ళిరోజు సాయంత్రం ఎల్బీనగర్ ఇంట్లో చుట్టాలందరూ టీవీ ముందు చేరారు. గడప ఘట్టం రాగానే నర్సింహ కేకు ముక్క పట్టుకుని లేచాడు. "ఇగో, ఇప్పుడు నేను పాట పాడుత, చూడుండ్రి."

వినిపించింది పాట కాదు. ఆయన పెట్టిన ఒట్టు.

"ఇది కంప్యూటర్‌ల చేసిన్రు," అన్నాడు నర్సింహ. "ఇప్పుడు ఎవ్వరి గొంతైనా తయారు చేస్తున్నరు."

"నీ గొంతు సరే," అంది రోహిణి తెర మీంచి చూపు తిప్పకుండా. "నా గొంతు నాకు తెల్వదా? అడిగిన సంగతి నేనే మర్చిపోయిన. వదిన ఒక్కతే యాదుంచుకున్నది."

ఈసారి ఇల్లు నవ్వలేదు. నర్సింహ కేకు ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"నువ్వన్నదే నిజం అక్కా. ఇప్పుడేం చెయ్యమంటవ్?"

"నేర్పు."

"గీ వయసులనా?"

"వయసు నాది. బాకీ నీది."

"అయితే సుష్మిత స్కూటీ ఉన్నది. గేర్లు లేవు, అల్కగ ఒస్తది."

"నేనడిగింది నీ స్కూటర్. మెట్ల కింద ఉన్నది గదా."

మెకానిక్ దానికి ప్రాణం పోశాడు. కాలనీ వెనక ఖాళీ ప్లాట్ల దగ్గర తెల్లవారగానే పాఠం మొదలయ్యేది. అక్క ముందు, స్టెప్నీ పట్టుకుని తమ్ముడు వెనక పరుగు.

"క్లచ్ మెల్లగ వదులు! నా పానం తీస్తవా అక్కా?"

"నీ పానం నాకెందుకురా? రెండో గేరు ఎటు తిప్పాల్నో చెప్పు."

లైసెన్సు చేతికొచ్చిన రోజు శివమ్మ ఒక్కతే హయత్‌నగర్ దాకా వెళ్ళి, పాలకేంద్రం ఎదుట స్కూటర్ ఆపి, ఛాయ్ తాగి తిరిగి వచ్చింది. 

మర్నాటి నుంచి రోహిణి వంతు. చీరకుచ్చెళ్ళు బొడ్లో దోపి ఎక్కింది. రెండుసార్లు ఇసుక కుప్పలోకి పోనిచ్చింది. చివరికి ఒక ఉదయం, ఎవరూ పట్టుకోకుండా కాలనీ చుట్టూ తిరిగి వచ్చి, ఇంటి గేటు ముందు తిన్నగా ఆపింది. వెనకే పరుగెత్తుకొచ్చి, ఆయాసంతో గట్టు మీద కూలబడ్డ నర్సింహ అక్క వైపు చూశాడు.

"అయిపోయిందా అక్కా?"

"నాది ముందే తీరింది. నీ పెండ్లాముది ఇయ్యాల తీరింది. ఇగ నువ్వెవ్వరికి బాకీ లేవు తమ్మీ," అంది శివమ్మ. "లే, ఛాయ్ తాగుదువు."