తెలిసిన హారన్

మా బావ గోడౌన్ గేటు దగ్గర కాపలా. ఆయన గట్టిగా దగ్గితే లోడు లారీ దానంతటదే వెనక్కి నడిచేది. డ్రైవరు ఇంకా టీ కొట్టు దగ్గరే ఉండేవాడు. నమ్మకపోతే మా అక్కనడగండి. అలాంటి మనిషి కిడ్నీలోకి క్యాన్సరు దూరింది.

మొదటి మందు ఎక్కించాక గడ్డ తగ్గింది. తర్వాత మళ్లీ పెరిగింది. ఇంకో మందు కలపాలన్న డాక్టరమ్మ మీద బావ గయ్యిమన్నాడు.

"నా ఒంట్లో కాపలా కణాలే లేవా తల్లీ?"

"బోలెడున్నాయి. గడ్డ లోపలే గుంపుగా ఉన్నాయి. కానీ అది వాటికి 'మనవాళ్లమే, ఊరుకోండి' అని సైగ చేస్తుంది. ఆ సైగని అడ్డుకునే మందే ఇచ్చాం. మీ కణాలు లేచి కొన్నాళ్లు పోరాడి అలిసిపోయాయి. గడ్డేమో తన కోసం కొత్త రక్తనాళాలు వేయించుకుంటోంది. వాటిని ఆపే బిళ్ల కూడా కలుపుతాను."

"అంటే దొంగ పక్కనే కూర్చుని కునుకు తీస్తున్నారా? నా తిండి తిని! ఆ సన్నాసుల కోసం ఇంకో మందా? మింగను!"

ఆ అరుపుకి సీలింగ్ ఫ్యాను కాసేపు ఎదురు తిరిగింది. నేను కళ్లారా చూశాను.

మర్నాడు అక్కా నేనూ బిళ్ల పట్టుకుని గేటుకెళ్లాం.

"మింగవయ్యా, నీకు దణ్ణం పెడతా."

"పోవే! బామ్మర్దీ, మీ అక్కని తీసుకుపో."

ఇంతలో హారన్ మోగింది. ఆయన కింద పనిచేసే బక్కోడు ఫోనులోంచి తలెత్తకుండానే గేటు తీశాడు. కారు లోపలికి జారింది.

"ఒరేయ్! ఎవరున్నారో చూశావట్రా?"

"ఓనరు గారి హారనేగా అన్నా. తెలిసిన హారన్‌కి లేవక్కర్లేదని నువ్వే చెప్పావు."

బావ పరిగెత్తి కారు ఆపాడు. ఓనరు లేడు. వెనక సీట్లో డ్రైవరు అత్తగారు మహారాణిలా కూర్చుని ఉంది, గోడౌన్ చూడ్డానికొచ్చిందట.

బావ మీసం కిందికి వాలిపోయింది. వాళ్లని వెనక్కి పంపి వచ్చి బక్కోణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు.

అక్క అడిగింది: "వీడు నిద్రపోయినట్టే కూర్చున్నాడని గేటు పీకేద్దామా?"

"పిచ్చా నీకు? తోడుగా ఇంకొకణ్ణి పెడితే సరి."

అక్క బిళ్ల ఉన్న చెయ్యి చాపింది. బావ దాన్ని కొరకొరా చూశాడు.

"ఇదీ నిద్రపోతే?"

"ఇంకోటి అడుగుదాం. నీ నోరేం పడిపోలేదుగా."

బిళ్ల మింగి, తన డొక్క మీద చరుచుకుంటూ అరిచాడు: "లేవండ్రా వెధవల్లారా!"

బక్కోడు లేచి నిలబడ్డాడు. రోడ్డవతల కుక్కలు కూడా.