చదివినంకనే కాపీ

పొద్దున ఎనిమిదింటికి షట్టర్ ఎత్తగానే జానయ్య ముందు జిరాక్స్ మెషిన్ అద్దాన్ని తడిబట్టతో తుడుస్తాడు. ఆ తర్వాతే అగరొత్తి, ఆ తర్వాతే చాయ్. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లున్న ఆ గల్లీలో జిరాక్స్ దుకాణాలు పదకొండు. పది చోట్ల కాయితం ఇస్తే కాపీ ఇస్తారు. జానయ్య గోడకు మాత్రం ఒక అట్ట వేలాడుతుంటుంది: 'చదివినంకనే కాపీ.' కాయితంలో ఏముందో గిరాకీ నోరు తెరిచి చదవాలి, అప్పుడే బటన్ నొక్కుతాడు. ఎందుకంటే ఆ అద్దం మీద పడ్డది మెల్లగా నిజమై కూర్చుంటుంది.

గల్లీకి ఇందులో వింతేమీ లేదు. వయసు ఏడాది తగ్గించి కాపీ తీయించుకున్న సీతారాములుకు మీసాలు ఏడాది ఆలస్యంగా వచ్చాయి. కిరాయి చీటీలో పొరపాటున మూడో అంతస్తు అని రాసిన ఓనరు, రెండంతస్తుల ఇంట్లో ఇప్పటికీ మూడో అంతస్తు మెట్లు కడుగుతుంటాడు. అందుకే జనం ఒకటికి రెండుసార్లు చూసుకుని వస్తారు.

కృష్ణకుమారి కూడా చూసుకునే వచ్చింది. కాకపోతే ఆమె చదివింది ఇంగ్లీషులో. జానయ్యకు ఇంగ్లీషు రాదు. ఆమెకేమో ఇంగ్లీషులో రాసిన అబద్ధం అబద్ధంలా వినిపించలేదు.

డిగ్రీ చివరి ఏడాది ఆమె పరీక్షలు రాయలేదు. తెలంగాణ కోసం ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద కూర్చుంది. లాఠీ దెబ్బకు ఎడమ మణికట్టు విరిగింది. పోలీసు వ్యానెక్కింది, కేసు పడింది. ఎంబీఏ దరఖాస్తులో 'చదువు ఆగితే కారణం రాయండి' అన్న గడిలో ఇదంతా రాయబోతే, కోచింగ్ సార్ ప్రసన్నకుమార్ పెన్ను పట్టుకుని ఆపాడు.

"అమ్మా కృష్ణకుమారీ, ఉద్యమాలంటే ఇంటర్వ్యూ బోర్డువాళ్లు జడుసుకుంటారు. పచ్చకామెర్లు వచ్చాయని రాసెయ్. కామెర్లతో ఎవరికీ పేచీ ఉండదు."

డిబేట్లలో ఎందరి నోళ్లో మూయించిన పిల్ల ఆ రోజు నోరు మూసుకుని రాసింది. ఐదు కాలేజీలకు ఐదు కాపీలు. ఐదింట్లోనూ ఇంటర్వ్యూ దాకా వెళ్లింది. ఐదూ వద్దన్నాయి.

ఇప్పుడు సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, ఆటోల్లేవు, బొగ్గు రాక కరెంటు గంటలకు గంటలు పోతోంది. ఆరో కాలేజీకి పెట్టాలా, ఏదో ఒక ఉద్యోగం చూసుకోవాలా అన్నది సార్‌తో తేల్చుకుందామని కృష్ణకుమారి ఎల్బీనగర్ నుంచి నడిచే బయల్దేరబోయింది. గడపలోనే తల్లి లచ్చమ్మ ఒక గిన్నె చేతిలో పెట్టింది. నేలఉసిరి రసం.

"గిదేందమ్మా?"

"రోజూ తాగేదే గద బిడ్డా. కామెర్లు తిరగబెడితే ఎట్ల? పోయినేడు మంచంల నిన్ను జూసి సగం సచ్చినం."

"మంచమేంది? ఠాణాల ఉంటి గద. నువ్వే సద్ది తెచ్చిస్తివి."

లచ్చమ్మ ఆమె నుదురు పట్టి చూసింది. "జరం మళ్లొచ్చినట్టుంది," అంది, చాలా ప్రేమగా.

కృష్ణకుమారి లోపలికెళ్లి అద్దం చూసుకుంది. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. మణికట్టు మీద ఎముక అతికిన చోట ఉండాల్సిన బుడిపె లేదు. ట్రంకుపెట్టెలోంచి పేపరు కటింగ్ తీసింది. వ్యాను పక్కన, తను మధ్యలో ఉన్న ముగ్గురమ్మాయిల ఫొటో. ఇప్పుడు ఇద్దరే ఉన్నారు. అటొకరు, ఇటొకరు, మధ్యలో ఎవరి భుజాల మీదో చేతులు వేసి నవ్వుతున్నారు. అక్కడ భుజాలు లేవు. వెనక గోడ కనబడుతోంది. చేతులు మాత్రం గాలి మీద ఆనుకుని ఉన్నాయి.

ఇంకొక్క కాపీ తీస్తే ఆ చేతులు కూడా దిగిపోతాయనుకుంది.

కొత్తపేట పండ్ల మార్కెట్ దాటి ఆమె చేరేసరికి, కరెంటు లేని క్లాసురూములో ప్రసన్నకుమార్ సార్ ఒక్కడే కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. ఉప్పు వేసుకోడు, పథ్యమట. ఎప్పుడూ అంతే.

"ఆరోది కూడా అదే కాగితంతో పెట్టెయ్యమ్మా," అన్నాడు. "తెలిసినాయన చేత ఠాణాలో కనుక్కున్నాను. నీ మీద కేసే లేదట. రికార్డులో నీ పేరే లేదు. అదృష్టం కదూ? ఇప్పుడు నిజం రాశావంటే అదీ వెనక్కొస్తుంది."

"కేసుతోని నేను గూడ పోయిన సార్. ఇంటర్వ్యూల ఆ ఏడాది ఏం జేసినవని అడిగితే నోట్లకెల్లి మాట రాలే. మంచం, మందు సీసా, కిటికీ. గివే యాదికొచ్చినయి. మాట్లాడనీకి ఏమీ లేని పిల్లను ఎవరు తీస్కుంటరు?"

సార్ తలెత్తాడు. కిటికీ వెలుతురు ఆయన కళ్ల మీద పడింది. వాటిలోని పసుపు కళ్లజోడు అద్దాలదని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది.

"సార్, మీకు కామెర్లు ఎప్పుడొచ్చినయి?"

చెంచా ఆగింది.

"డెబ్బై రెండులో. జై ఆంధ్ర రోజులు. గుంటూరులో కాలేజీలు మూసేశారు." కాసేపు వెతుక్కున్నాడు. "నేనేమో... మంచం మీద ఉన్నాననుకుంటా. ఉద్యోగానికని ఇక్కడికొచ్చాక, జానయ్య తండ్రి దగ్గర ఇలాంటి కాగితమే కాపీ తీయించాను. ఒక్కటే తీయించానమ్మా."

కృష్ణకుమారి లేచి జానయ్య దుకాణానికి పోయింది. బల్ల దగ్గరే నిలబడి రాసింది. ఈసారి తెలుగులో.

"కరెంటు లేదు బిడ్డా."

"మీరైతే వినుర్రి మామా."

చౌరస్తా, లాఠీ, మణికట్టు, వ్యాను, కేసు నంబరు. అన్నీ చదివింది.

"ఆ నంబరన్న కొట్టెయ్యరాదు?" అన్నాడు జానయ్య.

"అది గూడ నాదే."

జానయ్య నొక్కాడు. కరెంటు లేని మెషిన్ లోపల పచ్చటి వెలుతురు ఈ కొస నుంచి ఆ కొసకు నిదానంగా నడిచింది. కాయితం వెచ్చగా బయటికొచ్చింది. అబద్ధం మెల్లగా పట్టింది గానీ, నిజం ఆగలేదు. అదే క్షణాన మణికట్టులో ఎముక విరిగిన చప్పుడు ఆమెకు మళ్లీ వినబడింది. పళ్లు బిగబట్టి సంచిలోంచి కటింగ్ తీసింది. ఆ చేతుల కింద భుజాలున్నాయి. ఫోన్ మోగింది.

"కృష్ణకుమారేనా? ఠాణాకెల్లి మాట్లాడుతున్న. సోమవారం కోర్టుకు రావాలె."

"ఒస్త," అంది. కాపీని ఆరో కవరులో పెట్టి, కుడి చేత్తోనే అంటించింది.

వెనక్కి తిరిగేసరికి మెట్టు మీద ప్రసన్నకుమార్ సార్. చేతిలో తెల్ల కాగితం. జానయ్యనడిగి పెన్ను తీసుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏం చేశానో గుర్తులేదమ్మా. ఎక్కడుండి ఉంటానంటావ్?"

"రోడ్డు మీదనే సార్. మీది ఆ దిక్కు, మాది ఈ దిక్కు. రాయుర్రి."

ఒకే ఒక వాక్యం రాశాడు.

"చదువుర్రి సార్," అన్నాడు జానయ్య.

చదివాడు. పచ్చటి వెలుతురు మళ్లీ నడిచింది. ప్రసన్నకుమార్ నాలుకతో పెదవి తడుముకున్నాడు.

"ఉప్పగా ఉంది," అన్నాడు.

నలభై ఏళ్ల కిందటి దెబ్బ ఒకటి ఆయన నుదుటి మీద విచ్చుకుని, సన్నటి నెత్తుటి ధార ముక్కు పక్కగా పెదవి దాకా దిగింది.