ఆకుపచ్చ గడి

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఇదీ: మా అన్నయ్య తన గదిలో లోపల గడియ పెట్టుకుని, కుర్చీ పక్కన నేల మీద పడిపోయి ఉంటాడు. లోకం మాత్రం తను కూర్చుని పని చేసుకుంటున్నాడనే అనుకుంటూ ఉంటుంది.

భయం చెప్పేశాను. ఇక కోపం చెప్తాను. అదే ఎక్కువుంది నా దగ్గర.

మీరు ఫోన్లో "వచ్చే మంగళవారం సాయంత్రం పాపకి టీకా" అని మామూలుగా మాట్లాడినట్టే రాసుకుంటారు. ఫోను దాన్ని తేదీగా, గంటగా మార్చుకుని ఆ టైముకి మోగుతుంది. మనిషి మాటని తేదీగా మార్చే ఆ ముక్క మా అన్నయ్య రాసింది. రాసి, లోపల ఏముందో అందరికీ కనపడేలా, ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకునేలా ఇంటర్నెట్లో ఒక పేజీ తెరిచి పెట్టేశాడు. చేతికి ఎముక లేని మనిషి. ఆస్పత్రుల వాళ్ళు వాడతారు, టికెట్ల వాళ్ళు వాడతారు, మీ చేతిలో ఉన్న ఫోనులో కూడా ఏ మూలో ఉండే ఉంటుంది.

ఆ పేజీలోనే "సమస్యలు" అని ఒక చోటుంది. అక్కడ ఎవరైనా వచ్చి ఏదైనా రాయొచ్చు. రాస్తారు కూడా! "ఇంకా ఎన్నాళ్ళు?" అని ఒకడు. "ఇదేమైనా చచ్చిన ప్రాజెక్టా?" అని ఇంకొకడు. "పిడుగు" అని పేరు పెట్టుకున్న మహానుభావుడైతే "చేతకాకపోతే దిగిపో, చేతనైనవాళ్ళు చూసుకుంటారు" అని రాశాడు. ఊరికే ఇచ్చినవాడికి ఈ మర్యాద. వీళ్ళింట్లో కుళాయి కారితే ప్లంబరుకి ఫోన్ చేసి ఇలా మాట్లాడగలరా? మాట్లాడితే వాడు పానా తీసుకుని వెళ్ళిపోతాడు. అన్నయ్య వెళ్ళడు. అదే వాళ్ళ ధైర్యం.

నేను పదో తరగతి దగ్గర ఆగిపోయాను. ఆగిపోయాను అనకూడదు, ఆపేశారు. అది వేరే కథ. చంటిది పుట్టినప్పుడు అన్నయ్య వచ్చి మా ఇంట్లో నెల రోజులున్నాడు. వంటింటి గుమ్మంలో గోడకి వీపు ఆనించి, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవాడు. నేను పాపకి పాలిస్తుంటే ఉన్నట్టుండి అడిగేవాడు.

"బుజ్జీ, 'ఆ మధ్య' అంటే ఎన్ని రోజుల కిందట?"

"ఎవరన్నారో చూసి చెప్పాలి. మీ బావ 'ఆ మధ్యే కదా నీకు చీర కొన్నాను' అంటే రెండేళ్ళు."

"మరి 'ఇప్పుడే వస్తా' అంటే?"

"అదీ మీ బావేనా? అయితే రాడు."

నవ్వి, నవ్వి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, తెలుగు మాటలు నన్నే వెయ్యమన్నాడు. ఎల్లుండి, అటుమొన్న, పొద్దుగూకే వేళ, భోజనాలప్పుడు, వచ్చే బుధవారం కాదు ఆ పై బుధవారం. ఎలా పెట్టాలో, పెట్టాక సరిగ్గా పని చేస్తోందో లేదో ఎలా చూడాలో ఓపిగ్గా చూపించాడు. పేజీలో తన పేరు కింద నా పేరు కూడా చేర్చాడు. మార్పులు ఒప్పుకునే బటన్ తన తర్వాత నాకే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు. "త్వరలో", "చూద్దాం", "వీలు చూసుకుని" లాంటి మాటలు వస్తే ఆ ముక్క "తెలీదు" అని చెప్తుంది. కంపెనీల వాళ్ళు ఏదో ఒక తేదీ వెయ్యమని నెత్తి నోరు కొట్టుకున్నారు. వెయ్యలేదు. "తేదీ లేని మాటకి మనం తేదీ అంటగట్టకూడదు బుజ్జీ. ఎవరో ఒకరు నమ్ముతారు" అన్నాడు.

అన్నయ్యకి షుగరు. చిన్నప్పటి నుంచీ ఇంజెక్షన్లే. వేసుకున్నాక టైముకి తినకపోతే కళ్ళు తేలేస్తాడు. మా ఇంట్లోనే ఒకసారి అయింది. ఆ పిడుగుగాడికి జవాబు రాస్తూ కంచం పక్కన పెట్టేశాడు. నేను చూసేసరికి చొక్కా అంతా చెమట, మాట ముద్దగా వస్తోంది. పంచదార నీళ్ళు కలిపి పట్టించాను. కాస్త తేరుకోగానే తను అడిగిన మొదటి మాట, "ఆ సమస్య మూసేశానా?"

"నిన్ను మూసేసేలా ఉన్నారు వాళ్ళు" అన్నాను. దానికీ నవ్వాడు.

తను ఉండేది రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణమంత దూరంలో. ఫోన్ చేస్తే ఎత్తడు, పనిలో ఉంటే వినపడదు. అందుకని మాకొక అలవాటైంది. ఆ పేజీలో రోజుకొక చిన్న గడి ఉంటుంది. ఆ రోజు పని చేస్తే ఆకుపచ్చగా మారుతుంది, చెయ్యకపోతే తెల్లగా ఉండిపోతుంది. పొద్దున్నే పాలసీసాలు మరగబెడుతూ ఆ గడి చూస్తాను. పచ్చగా ఉందంటే అన్నయ్య లేచాడు, తిన్నాడు, కూర్చున్నాడు. మా ఆయన లారీ మీద వెళ్తూ గుమ్మంలోంచే అరుస్తాడు, "ఏమే, మీ అన్నయ్య పచ్చగా ఉన్నాడా?" అని. ఉన్నాడంటే బండి తీస్తాడు. నలుగురు మాట్లాడుకోవాల్సింది ఒక గడితో సరిపెట్టేశాం.

మొన్న ఆదివారం కొన్ని దేశాల్లో గడియారాలు ఒక గంట వెనక్కి జరిపారు. ఏడాదికి రెండుసార్లు వాళ్ళకిదో పని. అది జరిగినప్పుడల్లా అన్నయ్య పేజీలో ఏదో ఒకటి తప్పుతుంది. ఈసారి గంట తేడాతో మోగడం మొదలైంది. ఇక చూడండి, చీమలపుట్ట కదిలినట్టే. అన్నయ్య ఒకే ఒక్క ముక్క రాశాడు: "చూస్తున్నాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. తినొచ్చి చెప్తాను."

దాని కింద పిడుగు: "తిండి తర్వాత. ముందు ఇది చూడు."

ఆ మాటకి పదిమంది బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "వెళ్ళి తినిరావయ్యా" అనలేదు.

సోమవారం గడి పచ్చగా ఉంది. మంగళవారమూ పచ్చగానే ఉంది. బుధవారం చంటిదానికి జ్వరం తగ్గి కాస్త నిద్రపోతే, కూర్చుని కింద మాటలు చదివాను. అడిగినవాళ్ళందరికీ అన్నయ్య పేరు మీద జవాబు ఉంది. "మీ సమస్య అందింది. ఓపిక పట్టినందుకు కృతజ్ఞతలు. త్వరలో చూస్తాను." పిడుగు నోటికొచ్చింది వాగినదాని కింద కూడా అదే.

త్వరలోనా? అన్నయ్యేనా ఆ మాట అనేది?

గబగబా నేనొక కొత్త సమస్య తెరిచి రాశాను: "అన్నయ్యా, తిన్నావా?"

వేలు తీసేలోపు జవాబు వచ్చింది. "మీ సమస్య అందింది. ఓపిక పట్టినందుకు కృతజ్ఞతలు. త్వరలో చూస్తాను."

సోమవారం గడి తెరిచి చూశాను. మంగళవారంది తెరిచాను. వాటిలో అన్నయ్య చేసింది ఏమీ లేదు. దేశదేశాల గడియారాల పట్టికని రోజూ తెచ్చిపెట్టే ఒక యంత్రం ఉంది. తన చేతికి కాస్త ఊపిరాడుతుందని అన్నయ్యే ఆదివారం పెట్టుకున్నది. అది తెచ్చి, అన్నయ్య పేరే రాసి పోతుంది. జవాబులూ దానివే, ఆ "త్వరలో" దాంతో పాటు వచ్చిందే, అన్నయ్య రాసింది కాదు. మేము మూడు రోజులుగా యంత్రాన్ని చూసి మా అన్నయ్య తిన్నాడనుకుంటున్నాం.

ఫోన్ చేశాను. స్విచాఫ్. ఇంటి ఓనరుకి చేశాను.

"అద్దె నిన్ననే పడిందమ్మా. మనిషి లేకపోతే అద్దె ఎలా పడుతుంది?"

"అది దానంతటదే పడుతుందండీ, బ్యాంకులో అలా పెట్టుకుంటారు. ఒక్కసారి పైకెక్కి తలుపు కొట్టండి."

"మోకాళ్ళ నొప్పులమ్మా. అయినా అద్దె కట్టేవాడిని పొద్దస్తమానం తలుపు కొట్టి విసిగించకూడదు."

పోలీసుస్టేషనుకి చేశాను. ఎత్తినాయన మంచిగానే మాట్లాడాడు, ఏమీ చెయ్యకుండా ఎంత మంచిగా మాట్లాడొచ్చో అంత మంచిగా. "ఆ పేజీ ఏదో మీరే చెప్పారు కదమ్మా, మా కుర్రాడు చూశాడు. ఈ రోజు కూడా పని చేసినట్టుంది. పెద్దవాడు, ఎందుకు కంగారు?"

"అది యంత్రమండీ!"

"యంత్రమైనా పెట్టింది ఆయనే కదమ్మా."

అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయన లారీ మధ్యలో వేరేవాళ్ళకి అప్పగించి అట్నుంచటే రైలెక్కాడు. రేపు సాయంత్రానికి గానీ చేరడు. చంటిదానితో నేను కదల్లేను, మళ్ళీ ఒళ్ళు కాలుతోంది. అందుకని ఆ "సమస్యలు" పేజీలోనే రాశాను. అన్నయ్య మూడు రోజులుగా పలకడం లేదని, ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు ఎవరైనా ఒకసారి వెళ్ళి చూడమని, నా ఫోన్ నంబరుతో సహా.

పిడుగు వెంటనే వచ్చాడు. "ఇది సమస్యలు రాసే చోటు. ఇంటి గొడవలు ఇక్కడొద్దు."

ఒకే ఒక్క ఫోను వచ్చింది. ఏదో క్యాలెండరు కంపెనీ మేనేజరట. గొంతులో తేనె.

"మేడమ్, మార్పులు ఒప్పుకునే బటన్ మీ దగ్గర కూడా ఉన్నట్టుంది. గంట తేడాకి మావాళ్ళు మందు కనిపెట్టి అక్కడే పెట్టారు. మీరు ఒక్కసారి నొక్కితే చాలు."

"మీ ఆఫీసు ఏ ఊళ్ళో?"

చెప్పాడు. అన్నయ్య ఊరే.

"మా అన్నయ్య ఇంటికి ఎంత దూరం?"

"కారులో అరగంట ఉండొచ్చు. ఎందుకు మేడమ్?"

"నేను రాసింది చదివారా?"

"చదివాం మేడమ్. చాలా బాధేసింది. త్వరలో మనిషిని పంపిస్తాం."

"ఆ మాట మా దగ్గర చెల్లదండీ. ఎన్నింటికి పంపిస్తారు?"

"అంటే, పైవాళ్ళతో మాట్లాడి, వీలు చూసుకుని..."

"అదీ చెల్లదు! టైము చెప్పండి. మా అన్నయ్య రాసింది పెట్టుకుని లక్షలమందికి గంటలు మోగిస్తున్నారే, ఒక్క మనిషి తలుపు కొట్టడానికి మీకు టైము తెలీదా? మీరు అడ్రసు రాసుకోను కూడా లేదు. రాసుకోండి!"

నా అరుపుకి చంటిది ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. అవతల కాగితం వెతుక్కుంటున్న చప్పుడు. తర్వాత అడ్రసు రాసుకున్నాడు. "ఆరింటికల్లా పంపిస్తా" అన్నాడు. "మరి ఆ బటన్?" అన్నాడు.

వాళ్ళవాళ్ళు పెట్టిన మార్పు చంటిదాన్ని భుజాన వేసుకుని చదివాను. అన్నయ్య నేర్పినట్టే ప్రతి పరీక్షా నడిపి చూశాను. అన్నీ నెగ్గాయి. నొక్కాను. ఆ మేనేజరు కోసం కాదు. ఎక్కడో నాలాంటిదే ఒకతె జ్వరం బిడ్డకి మందు వెయ్యడానికి ఫోన్ మోగుతుందని కూర్చుని ఉంటుంది. ఆవిడేం చేసింది పాపం?

ఆరు దాటింది. మేనేజరుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నా నంబరు కలవకుండా పెట్టేసినట్టున్నాడు.

అప్పుడు నాకున్న అధికారంతో ఇంకో రెండు పనులు చేశాను. అన్నయ్య పేరు పెట్టుకుని పనీ చేసి జవాబులూ ఇస్తున్న ఆ యంత్రాన్ని ఆపేశాను. ఇక నుంచి అన్నయ్య నిజంగా పని చేస్తేనే గడి పచ్చగా మారుతుంది, లేకపోతే తెల్లగానే ఉంటుంది. అందరూ చూడనీ. రెండోది, ఈ రాసిందంతా పేజీకి పైన, అన్నిటికన్నా ముందు కనపడేలా అతికించాను. పిడుగుకి ఇష్టం లేకపోతే ఇది కూడా ఒక సమస్యగా రాసుకోవచ్చు.

మీరెవరో నాకు తెలీదు. గంట సరిగ్గా మోగడం లేదని తిట్టడానికే వచ్చి ఉంటారు. మోగుతోంది, ఇందాకే సరిచేశాను. కాబట్టి మీకు కాస్త తీరిక దొరికినట్టే. అన్నయ్యది ఏ ఊరో పక్కనే తన పేరు కింద ఉంది, నా నంబరు ఇందాక "సమస్యలు"లో రాసినదాంట్లో ఉంది. మీది ఆ ఊరే అయితే, బస్సు డిపో వెనక వీధిలో టైలరు షాపు ఉన్న మేడ, మూడో అంతస్తు, నీలం తలుపు. బెల్లు నొక్కకండి, అది ఎప్పుడో పాడైంది, అందరివీ బాగుచేసేవాడికి తనది చేసుకునే తీరిక లేదు. చేత్తో గట్టిగా కొట్టండి. పలక్కపోతే పగలగొట్టండి, తలుపు ఖర్చు మేం చూసుకుంటాం. జేబులో కాస్త పంచదార వేసుకెళ్ళండి. తెలివిలో ఉంటేనే పెట్టండి, లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా అంబులెన్సుకి చెయ్యండి, షుగరు మనిషని చెప్పండి.

ఒకవేళ లోపల్నుంచి "వస్తున్నా, ఒక్క నిమిషం" అని వినపడితే ఆ నిమిషాన్ని నమ్మి వచ్చెయ్యకండి. తలుపు తీసి మొహం చూపించేదాకా అక్కడే నిలబడండి. ఇప్పుడే వెళ్ళండి. వెళ్ళి చూసి, నాకు ఫోన్ చెయ్యండి.