పదికి పది

మంచి ఉద్యోగమని నమ్మి వెళ్లి లిబియాలో అమ్ముడుపోయాను. అక్కణ్ణుంచి వెనక్కి మా దేశం వచ్చాక, బెనిన్ నగరంలో తొమ్మిది నెలలు అన్నం పెట్టి కుట్టుపని నేర్పింది ఎసోహె అమ్మ నడిపే హోం. అది ఎలా పనిచేస్తోందో చూసి రమ్మని, దానికి డబ్బిచ్చే సంస్థవాళ్లు ఈ ఏడాది నన్నే పంపారు. అక్కడ ఉండి వెళ్లిన ఆడపిల్లల ఇళ్లకి వెళ్లి, ఒక్కో విషయానికి పదికి ఇన్ని అని మార్కులు వేయించుకు రావాలి. అవి చూసి, అచ్చం అలాంటివే ఇంకో మూడు హోంలు పెడతారట.

పద్దెనిమిది ఇళ్లు తిరిగాను. అన్నిచోట్లా పదికి పదే. తిండికి పది, చదువుకి పది, నేనున్నప్పుడు వానొస్తే కారిన పైకప్పుకి కూడా పది. నాకు ఒళ్లు మండింది. ఎసోహె అమ్మకి తక్కువ వేస్తే కళ్లు పోతాయని అందరిదీ ఒకటే మాట. వాళ్లని అనడానికి నాకు మాత్రం నోరెక్కడిది? ఆరేళ్ల కిందట నేనూ అలాగే వేశాను.

పంతొమ్మిదో మనిషి ఎకి. వీధి చివర అకారా, అంటే అలసంద వడలు, వేయించి అమ్ముతుంది. మూకుడు మీంచి కళ్లెత్తకుండానే అన్నిటికీ పది వేయించింది. నేను ఫారం మడుస్తుంటే, తను హోంలో ఉన్న రోజుల్లో, చచ్చిపోయిందనుకుని వాళ్లమ్మ తన బట్టలన్నీ పంచిపెట్టేసిందని మాటవరసకి అన్నట్టు చెప్పింది.

హోంలో అడుగుపెట్టగానే ఫోను తీసి బీరువాలో పెట్టేస్తారు. అమ్మేసినవాళ్లే మళ్లీ ఫోన్లో బెదిరించి పిలిపించుకుంటారని ఆ జాగ్రత్త. ఇంటికి కూడా ఫోను చెయ్యడం కుదరదు. ఎకి అక్కడ మూడు నెలలు క్షేమంగా అన్నం తింది. రెండు గంటల దూరంలో, ఉరోమిలో, తల్లి మాత్రం కూతురు ఎడారిలో పోయిందని ఏడ్చింది.

"మరి దానికీ పదేనా?" అన్నాను.

"ప్రాణం పోసిన మనిషిని వేలెత్తి చూపించమంటావా అక్కా?"

"ఇంకో మూడు హోంలు పెడుతున్నారు. మూడు బీరువాలూ వస్తాయి."

 ఎకి మూకుడు దించి పొయ్యి ఆర్పేసింది. "పద, ఆవిడ ఎదురుగానే చెప్తాను. చాటున రాయించను," అంది.

ఎసోహె అమ్మ వసారాలో కూర్చుని పెండలం చెక్కు తీస్తోంది. పెద్దవాళ్ల దగ్గర మా పద్ధతి ప్రకారం ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని పలకరించాం. ఎకి అలాగే ఉండి బట్టల సంగతి చెప్పింది.  ఆవిడ పొమ్మంటే నాకు ఇంకో పుట్టిల్లు లేదు.

ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

"పన్నెండేళ్లలో ఒక్కత్తీ నాకు చెప్పలేదేమే?"

"మీరు బాధపడతారని, అమ్మా."

"నేను బాధపడకూడదని మీ అమ్మల్ని ఏడిపించారా?"

లోపలికి వెళ్లి, నాలుగు రోజుల కిందట వచ్చిన ఇయొబోస అనే పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నంబరు అడిగి తన ఫోన్లోంచే కలిపి, పక్కనే కూర్చుంది. "అమ్మా, నేనే," అంది ఆ పిల్ల. అవతల ఏడుపు మా అందరికీ వినిపించింది. కాసేపటికి ఎసోహె అమ్మ ఫోను అందుకుని, నాలుగు రోజులు ఆలస్యం చేశాను, క్షమించమంది. ఆ తల్లికి అదేం చెవికెక్కలేదు, దీవిస్తూనే ఉంది.

"దీవెనలు తర్వాత, తల్లీ. ముందు నన్ను తిట్టు," అంది ఎసోహె అమ్మ.

నేను ఎకి ఫారం తీసి, ఫోను వరుసలో పది కొట్టేసి మూడు వేశాను. ఇలాంటి మనిషి చేతుల్లో పడ్డందుకు నా అదృష్టానికి ఏడుపొచ్చింది. ఎసోహె అమ్మ నా భుజం మీంచి తొంగి చూసింది.

"మూడు ఎక్కువ. ఒకటి చెయ్యి," అంది.