మాటల్లేని పదకొండు నిమిషాలు

సినిమా వదలగానే మా గుంపు క్యాంటీన్లో రెండు బల్లలు కలుపుకుని కూర్చుంటుంది. పళ్ళ డాక్టరు, లెక్కల మాస్టారు, నేను. ఫిల్మ్ ఫెస్టివల్ జరిగే వారం రోజులూ మాకు ఇదే పని. డాక్టరుకి కుర్చీ కనపడినా ప్రతీకే, కుక్క కనపడినా ప్రతీకే. మాస్టారికి అర్థమైన సినిమా నచ్చదు. విదేశీ సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాసేది నేనే కాబట్టి అందరికంటే నాకే ఎక్కువ తెలుసన్న పొగరు నాది. ఆ ఏడాది వదినను కూడా తీసుకెళ్ళాను. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి, నా పోరు పడలేక సెలవు పెట్టింది.

ఆ రోజు చూసింది ఏదో దేశంలో నది మీద నడిచే ఒక లాంచీ కథ, నటులు లేకుండా లాంచీలో పనిచేసేవాళ్ళనే తీసింది. అందులో పదకొండు నిమిషాలు మాటలుండవు. ఆ నిశ్శబ్దమే సినిమాకి ప్రాణమని నేను బల్ల గుద్ది వాదించాను. నిజానికి ఆ నిశ్శబ్దాన్ని నేను చూడనే లేదు. సినిమావాళ్ళ దగ్గర్నుంచి మాకు మాటల జాబితా వస్తుంది. దాన్ని తెలుగులో రాసుకుని, హాల్లో వెనక కూర్చుని మీట నొక్కుతుంటే తెర కింద అక్షరాలు పడతాయి. జాబితాలో ఖాళీ ఉన్నచోట, రాసేటప్పుడైతే సినిమాని ముందుకు జరిపేస్తాం, హాల్లోనైతే టీకి వెళ్ళొస్తాం. ఈ పనిలో ఉన్న ప్రతివాడూ చేసేదే.

"లాంచీ అంచున తాడు చుడుతున్నాయన ఏదో అన్నారు. కింద అక్షరాలు పడలేదేం?" అని అడిగింది వదిన.

"అక్కడ మాటల్లేవు వదినా."

"పెదాలు కదిలాయి. ఇంజను చప్పుడులో నాకు వినపడలేదు." డాక్టరు, మాస్టారు వాదనలో పడ్డాక నా వైపు వంగింది. "ఆయన మీ అన్నయ్య."

అన్నయ్య తొమ్మిదేళ్ళ కిందట ఆఫీసుకని బయల్దేరి మళ్ళీ ఇంటికి రాలేదు. వెతకని చోటు లేదు. ఏడేళ్ళు దాటాక, పోయినట్టే లెక్కని కోర్టువాళ్ళు కాగితం ఇచ్చారు. వదిన దాన్ని తీసుకుంది గానీ నమ్మలేదు. బస్సులో, బ్యాంకులో, ఒకసారి పేపర్లో కూడా ఆయన పోలికలు చూసింది. ఇదీ అలాంటిదేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

"ఎల్లుండి మధ్యాహ్నం మళ్ళీ వేస్తారుగా. ఏమన్నారో విని రాసిపెట్టు. నాకది తెలియాలి," అంది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసులో హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ ముక్క తీశాను. బూడిద రంగు టోపీ, పీక్కుపోయిన మొహం. ఎడమ భుజం వాల్చి నిలబడటం మాత్రం అచ్చం అన్నయ్యే. పోయాడనుకున్న మనిషి బతికుండటం ఇంత భయంగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలీదు. కెమెరా దగ్గరికొస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి ఏదో అన్నాడు. ఇంజను చప్పుడు తగ్గించి పన్నెండుసార్లు విన్నాను. తెలుగే. తీసినవాళ్ళకి అర్థం కాలేదు కాబట్టి జాబితాకి ఎక్కలేదు. రోజంతా ఎవరు పిలిచినా ఆ గొంతే వినపడింది.

ముందు 'బాగున్నాను' అని రాశాను. వదినకి ఆ ఒక్క మాట చాలు, బతికేస్తుంది. ఆ అక్షరాల్ని చూస్తూ కూర్చుంటే ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళుగా అన్నయ్య మోసాన్ని మోస్తున్న మనిషి నెత్తిన నేను మరోటి పెట్టడమా? చెరిపేసి, విన్నది విన్నట్టు రాశాను. ఇంటికెళ్ళి ముందే నోటితో చెప్పేద్దామనుకున్నాను. గుమ్మంలోనే వదిన ఎదురైంది.

"చెప్పకు. అక్కడే చదువుకుంటాలే," అంది, నా మొహం చూసి.

ఎల్లుండి రానే వచ్చింది. వదిన ముందు వరుసలో కూర్చుంది. ఈసారి నేను టీకి వెళ్ళలేదు. తెర మీద నీళ్ళు, పొగ, తాడు. అన్నయ్య తలెత్తి సూటిగా చూశాడు. హాలంతా ఖాళీ అయిపోయి నన్నొక్కణ్ణే చూస్తున్నట్టనిపించింది. తెర మీద ఆయన చెయ్యి లేచింది. మీట నొక్కాను.

'నన్ను తియ్యకండి. మా ఇంట్లోవాళ్ళు చూస్తారు.'

అక్షరాలు మూడు సెకన్లున్నాయి. వదిన తల కదల్లేదు.

క్యాంటీన్లో డాక్టరు కూర్చోకముందే మొదలుపెట్టాడు. "మొన్న ఈ మాట లేదే. దీంతో సినిమా అర్థమే మారిపోయింది. ఇల్లంటే ఇక్కడ గతం."

"గతం కాదండీ, సమాజం," అన్నారు మాస్టారు. "అసలు ఆ మనిషికి ఎవర్ని చూసి అంత భయం? అదీ తేలాల్సింది."

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నన్ను చూసి," అంది వదిన. "నేనాయన భార్యని."