తెల్లరాళ్ల దారి

వ్యాను ఆగిందే తడవు, కాళ్ల మేస్త్రి తలుపు తీసుకుని దిగి, రోడ్డు వదిలి పొదల వైపు నడిచాడు. విమానంలో ఒక పూట, వ్యానులో ఒక పూట బిగబట్టుకు కూర్చున్న మనిషి. పైగా ముందు సీట్లో డాక్టరమ్మ ఉంది. ఆడమనిషి చూస్తుండగా రోడ్డు పక్కనే నిలబడటానికి మొహం చెల్లక, నాలుగు అడుగులు ఎక్కువే వేశాడు.

వెనక నుంచి డాక్టరమ్మ పిలిచింది. అరవలేదు.

"మేస్త్రిగారూ, ఎక్కడున్నారో అక్కడే ఆగండి. కాలు కదపకండి."

పాము కాబోలు అనుకున్నాడు. పామైతే ఆవిడ అరిచేదే. అరవకుండా ఒక్కో మాటా విడదీసి చెప్పినందుకే ఆయన ఉన్నచోటే ఆగిపోయాడు. ఏమిటమ్మా అని అడిగాడు.

"నేలలో మందుపాతరలున్నాయి. రోడ్డు వరకే ఏరారు. మీరున్న చోట ఇంకా ఏరలేదు."

మందుపాతరల సంగతి మేస్త్రికి తెలియక కాదు. పెద్దాసుపత్రి వర్క్‌షాపులో జీవితమంతా పెట్టుడు కాళ్లు చేసి రిటైరయ్యాడు. ఈ దేశంలో యుద్ధం ఆగి ఏళ్లయినా జనానికి కాళ్లు పోతూనే ఉన్నాయనీ, చేసిపెట్టే చెయ్యి లేదనీ, ఇక్కడ ఆసుపత్రి నడుపుతున్న డాక్టరమ్మ కబురు పెడితే, జీతం లేకుండా ఒక నెల చేసి వస్తానని ఒప్పుకున్నాడు. "ఇక్కడ పట్టుకున్న కాళ్లు చాల్లేదా బావా, పరాయి దేశం వెళ్లి మరీ పట్టుకుంటావా" అని బావమరిది ఎగతాళి చేశాడు. చేస్తే చేశాడులే అనుకుని పెట్టె సర్దుకున్నాడు. ఆయన లెక్కలో కాళ్లు పోవడం రోగులకు జరిగేది. మేస్త్రి కాలి కింద కూడా అదే నేల ఉంటుందని తట్టలేదు.

పొద్దుటి నుంచీ కిటికీలోంచి చూస్తూనే వచ్చాడు. రోడ్డు మీద మనుషులు ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. మేకలు కూడా రోడ్డు దిగడం లేదు. ఎంత పద్ధతిగల జనం, మనవాళ్లూ ఉన్నారు ఎందుకు, అని మెచ్చుకున్నాడు కూడా. పక్కన చేలు బీడు పడి ఉన్నాయి. ఎందుకని అడగలేదు.

ఇప్పుడు చెప్పుల్లో కాలివేళ్లు ముడుచుకుపోయాయి. ఒంటి బరువంతా ఎక్కడైనా దాచగలిగితే బాగుండునని ఉంది.

డ్రైవరు దిగిన చప్పుడైంది. అడుగులు దగ్గరికొస్తున్నాయి. ఒక అడుగు మామూలుగా పడుతోంది, రెండోది కిర్రుమంటోంది. ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్న ఆ క్షణంలోనూ మేస్త్రి చెవి దాని పని అది చేసింది. ఎడమది పెట్టుడు కాలు. మోకాలి కింది మొండిని పట్టి ఉంచే సాకెట్ వదులైంది. లోపల ఒరుసుకుంటోంది. చేసినవాడెవడో తొందరపడ్డాడు.

భుజం మీద చెయ్యి పడింది. ఆ చెయ్యే ఆయన్ని మెల్లగా వెనక్కి తిప్పింది. డ్రైవరు నేల వైపు వేలు చూపించాడు. మేస్త్రి చెప్పుల గుర్తులున్నాయి. వచ్చిన గుర్తుల్లోనే అడుగు వెయ్యాలి. డ్రైవరు ముందు, ఆయన వెనక. ఒక చోట నేల గట్టిపడి ఉంది, గుర్తే లేదు. ఆ జానెడు మట్టి ముందు మేస్త్రి అడుగు వెయ్యలేకపోయాడు. డ్రైవరు ఆగి చూసుకుని, ఎడమ కాలు అక్కడ పెట్టాడు. బరువంతా దాని మీద మోపాడు. తర్వాత కాలు తీసి, ఇక్కడ పెట్టు అన్నట్టు చూపించాడు.

రోడ్డెక్కాక అతను ఏదో అన్నాడు. డాక్టరమ్మ తెలుగులో చెప్పింది. "ఆ కాలు ఒకసారి పోయిందే కదా, రెండోసారి పోతే చెక్కే కదా పోయేది అంటున్నాడు."

మేస్త్రికి నవ్వు రాలేదు. దిగిన పని పొదల దగ్గరే, పంచెలోనే అయిపోయిందని అప్పుడు తెలిసింది. వ్యాన్లో తువ్వాలు ఒళ్లో కప్పుకుని కూర్చుని, తనను ఇంటికి పంపించెయ్యమన్నాడు. ఉపకారం మాట దేవుడెరుగు, ఉన్న రెండు కాళ్లతో ఇల్లు చేరితే చాలన్నాడు. ఆవిడ నచ్చజెప్పబోలేదు. రేపు పొద్దున్నే ఇదే బండి మందుల కోసం పట్నం వెళ్తుంది, అందులో వెళ్లండి అంది.

ఆ మాటతో కాస్త ఊపిరాడింది. కానీ క్లచ్ తొక్కిన ప్రతిసారీ డ్రైవరు పళ్లు బిగించడం ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆసుపత్రి చేరాక అతను సీట్లోంచి లేవలేకపోయాడు. పాంటు పైకి లాగి చూస్తే సాకెట్ నిలువునా చీలి ఉంది, మొండి చర్మం తెగి నెత్తురు కారుతోంది.

మేస్త్రి ఆ కాలు చూసి, రేపు బండి ఎవరు తోల్తారని అడిగాడు.

"తోలేది ఇతనొక్కడే" అంది డాక్టరమ్మ.

ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వరండా. వర్క్‌షాపు ఆవరణకు అవతలి కొసన ఉంది. మధ్యలో దారి, దారికి రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్లు. రాళ్ల మధ్య నడిస్తే భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. రాళ్లు పాతినవాడూ మనిషే కదా అనుకున్నాడు మేస్త్రి, పంచె మార్చుకొచ్చి గడప దగ్గర నిలబడి. డ్రైవరు కర్రల సాయంతో ముందు నడిచాడు. అతని మడమ వదలకుండా, తల ఎత్తకుండా ఈయన వెళ్లాడు. వరండాలో కాళ్లు లేనివాళ్లు కూర్చున్నారని తెలుసు. అటు చూస్తే అడుగు తప్పుతుందని చూడలేదు.

డాక్టరమ్మ గాయం కడిగి కట్టు కట్టాక మేస్త్రి పని మొదలుపెట్టాడు. మొండికి సన్నటి గుడ్డ తొడుగు తొడిగాడు. ఎముక పైకి తేలిన చోట్ల పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. ప్లాస్టరు పట్టీ నీళ్లలో ముంచి, పిండి, కింద నుంచి పైకి చుట్టి, మోకాలి చిప్ప కింద రెండు బొటనవేళ్లతో నొక్కి పట్టుకున్నాడు. గట్టిపడేదాకా వదలకూడదు. చేతులు నిలకడగా ఉన్నాయి. స్టూలు మీద కూర్చున్న ఆయన మోకాలు మాత్రం వణుకుతూనే ఉంది.

డ్రైవరు అది చూసి ఏదో అని నవ్వాడు.

"మీ కాళ్లకు తెలిసిన సంగతి చేతులకింకా తెలియలేదా అంటున్నాడు" అంది డాక్టరమ్మ. అతను మళ్లీ బండి తోలడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. గాయం మానాలి, సాకెట్ కుదరాలి, చర్మం దానికి అలవాటు పడాలి, మూడు వారాలకు తగ్గదన్నాడు మేస్త్రి. ఆవిడ ఆలోచించి, పట్నం నుంచి ఇంకో డ్రైవర్ని రప్పించగలను, ఎల్లుండికి వస్తాడు, కబురు చెయ్యమంటారా అంది.

మేస్త్రి బొటనవేళ్ల కింద ప్లాస్టరు వేడెక్కుతోంది, బిగుస్తోంది. వాకిట్లోంచి తెల్లరాళ్లు కనిపిస్తున్నాయి.

"నడిపించి చూడకుండా కాలు అప్పజెప్పే అలవాటు నాకు లేదమ్మా" అన్నాడు చివరికి. "ఆ మూడు వారాలూ ఉంటాను. వరండాలో ఉన్నవాళ్లను ఇక్కడికే పంపండి. నా మంచం కూడా ఈ గదిలోనే వేయించండి. రోజూ ఆ దారిన వచ్చిపోవడం నావల్ల కాదు."

డాక్టరమ్మ ఆ మాట డ్రైవరుకు చెప్పింది. ఈసారి అతను నవ్వలేదు. రాత్రి నిద్రమత్తులో లేచి బయటికి అడుగేస్తే ప్రమాదమని, మంచం తలుపు పక్కన వద్దు, గోడవారగా వేయించమన్నాడు.