గోడ నీడలో ఆట

నలభై ఏడో ఏట వసుంధరకు ఒళ్ళు మాట వినడం మానేసింది. నెలసరి ఒకసారి రెండు నెలలైనా రాదు, మరోసారి రెండు వారాలకే వచ్చేస్తుంది. ఏసీ గదిలో కూర్చున్నా మెడ మీంచి వేడి సెగ ఎగదన్నేది. నడుము చుట్టూ కొవ్వు పేరుకుంది. పాత జాకెట్లేవీ పట్టడం లేదు.

ఆవిడ భర్త సుధాకరరావు దోహాలో ఇంజనీరు. అల్ రయ్యాన్‌లో రెండు వాటాలుగా విడగొట్టిన విల్లాలో వాళ్ళ కాపురం.

"బాగానే ఉన్నావుగా, ఎందుకు బెంగ?" అనేవాడాయన. ఆ మాటకు ఆవిడకి ఇంకా చిరాకు పుట్టేది.

1996 వేసవిలో ఆవిడ రాత్రి భోజనం మానేసింది. పగలు మజ్జిగతో సరిపెట్టుకుంది. కొన్నాళ్ళకు వంట చేస్తూనే కళ్ళు తిరిగి కూలబడింది. గిన్నె పడ్డ చప్పుడుకు పక్క వాటాలోని మెహర్ సుల్తానా పరుగెత్తుకొచ్చింది. ఆమెది హైదరాబాదు, వసుంధర కంటే కాస్త పెద్దది. అందుకే వసుంధర ఆమెను 'ఆపా', అంటే అక్కా, అని పిలిచేది.

"గిట్ల ఉపాసముంటే ఎట్ల వసుంధరా? నాకు గూడ గీ సెగలే. నిద్రల చెమటకు దిండు తడుస్తది," అంది నిమ్మరసం తాగిస్తూ.

"మీకూనా ఆపా?" అంటూనే వసుంధర ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ తనొక్కదానికే అనుకుంది.

ఇద్దరూ కలిసి లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. నెలసరి ఆగిపోయే ముందు ఇలా ఉండటం మామూలేనని ఆమె చెప్పింది. కడుపు మాడ్చుకోవద్దంది. అన్నం తగ్గించి పప్పు, పెరుగు, ఆకుకూరలు ఎక్కువ తినమంది. రోజూ ఒళ్ళు అలిసేలా ఏదైనా చెయ్యమంది.

రోడ్డు మీద నడుద్దామంటే ఎండ. సాయంత్రం బయల్దేరితే కార్లు నెమ్మదించి మరీ చూసేవాళ్ళు. రెండో రోజే వెనక్కి తిరిగారు.

"కాలేజీలో నేను బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని, గుంటూరులో," అంది వసుంధర నవ్వుతూ.

"మరింకేంది! మన వాకిలి లేదా?"

ఎత్తయిన ప్రహరీ లోపల పాత చీర నెట్‌లా అడ్డంగా కట్టారు. బజార్లో బ్యాట్లు కొన్నారు కానీ బంతి దొరక్కపోతే మెహర్ ఊలు చుట్టి తయారుచేసింది. సాయంకాలపు అసర్ నమాజు ముగించుకుని ఆమె వచ్చేసరికి వాకిట్లో గోడ నీడ పరుచుకునేది. అప్పుడు ఆట మొదలయ్యేది.

నెల గడిచినా కాటా ముల్లు కదల్లేదు. వసుంధర బ్యాటు కింద పెట్టేసింది.

"ఫాయిదా మాఫీ, ఆపా, ఏం లాభం లేదు. రేపట్నించి నేను రాను."

"కాటా సంగతి నాకు తెల్వదు. మొదటి దినం రెండడుగులకే రొప్పినవ్. ఇయ్యాల గా మూలదాంక ఉరికి కొట్టినవ్, సూసుకున్నవా?"

వసుంధర చూసుకోలేదు. మర్నాడు మళ్ళీ వాకిట్లోకి వచ్చింది.

కంచంలో అన్నం తగ్గి, పెసరపప్పు, తోటకూర పెరిగాయి. "నాకూ అదే పెట్టు," అన్నాడొకరోజు సుధాకరరావు. ఆవిడ ఆశ్చర్యపోతూనే వడ్డించింది.

చలికాలానికి ఆరు కిలోలు తగ్గింది. సెగలు పూర్తిగా పోలేదు. వచ్చినప్పుడు మొహం కడుక్కుని మళ్ళీ ఆటలో దిగేది. కాలేజీ నాటి నడుము రాదని తెలుసు, దాని కోసం ఎదురుచూడటం మానేసింది. మెట్లెక్కినా ఆయాసం రావడం లేదు. నిద్ర బాగా పడుతోంది.

ఒక శుక్రవారం, సెలవు రోజున, సుధాకరరావు తనూ ఆడతానని దిగాడు. మెహర్ గడపలో కూర్చుని చూస్తోంది. కాసేపటికే ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు.

"కాస్త ఆగు వసూ!"

"ఆగితే ఒళ్ళు చల్లబడిపోతుందండీ. కాచుకోండి!" అంటూ వసుంధర బంతి ఎగరేసింది.